మూడు వెబ్‌సైట్లు, ఒక పసుపు డబ్బా

డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నన్ను భయపెట్టింది పరీక్షలు కావు. స్కేలుతో ఐదు గడులు గీసిన ఒక తెల్లకాగితం. మా చరిత్ర లెక్చరర్ దాన్ని స్వయంగా గీసి, జిరాక్స్ తీయించి, తలా నాలుగు పంచారు. నేను మొదటి రోజే ఆ నాలుగింటినీ మడత పడకుండా అట్ట ఫైలులో పెట్టుకున్నాను. ఆ తర్వాత రోజుకు పదిసార్లు ఫైలు తెరిచి, ఉన్నాయో లేదోనని చూసుకునేదాన్ని. నేను అలాంటి మనిషిని. బస్సు పాసు జేబులో ఉందని తెలిసి కూడా కండక్టర్ వచ్చేదాకా తడుముకుంటూ ఉంటాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. నంద్యాలలో ఏ వీధిలో చూసినా ఇంటర్నెట్ సెంటర్ బోర్డు కనపడేది. పిల్లలంతా అక్కడికి పోయి ఏది కావాలంటే అది ప్రింటు తీసుకొస్తున్నారని మా సార్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. చివరి సంవత్సరం వాళ్ళందరూ ఇరవై పేజీల పరిశోధనా వ్యాసం రాయాలి. ఇంటర్నెట్ వాడుకోవచ్చు. కానీ వాడుకున్న ప్రతి వెబ్‌సైటుకూ ఒక కాగితం నింపాలి. ఇది రాసింది ఎవరు? ఎప్పుడు రాశారు? రాసినందువల్ల వాళ్ళకేమిటి లాభం? ఇదే మాట ఇంకెక్కడైనా ఉందా? ఇవి నాలుగు గడులు. ఐదోది మిగతా వాటికంటే పెద్దది. అందులో ఒకటే ప్రశ్న: నువ్వు సరిచూశావా, ఎలా?

అంతకుముందు సంవత్సరం మా సీనియర్ ఒకతను ఒక వెబ్‌సైటును మొత్తంగా దింపేశాడు. ఎంత నిజాయితీగా దింపాడంటే, "మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి" అన్న మాట కూడా చేతిరాతతో రాసి కింద గీత గీశాడు. సార్ సున్నా వేశారు. అతను మళ్ళీ మాతోపాటే ఆఖరి బెంచీలో కూర్చునేవాడు. అతన్ని చూసి అందరూ నవ్వేవాళ్ళు. నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. మా నాయన నన్ను కాలేజీలో చేర్పించిన రోజే చెప్పేశాడు.

"మూడేండ్లు. ఆపైన ఒక్క దినం గూడా లేదు. పాసైతే పాసు, లేకుంటే ఇంట్లో ఉండు."

ఆయన మాట అంటే మాటే. ఆ ఐదు గడుల్లో ఏ ఒక్కటి తేడా కొట్టినా నా చదువు అంతటితో సరి.

మాది ఆళ్ళగడ్డ. రోజూ పొద్దున బస్సెక్కి, శిరివెళ్ళ మీదుగా నంద్యాల పోయి, సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. మా ఇంటి ముందే మా నాయన షెడ్డు. నల్లరాతితో దేవుళ్ళ విగ్రహాలు చెక్కడం మా ఇంటి పని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉలి చప్పుడుకే నిద్ర లేచేదాన్ని. జడ వేసుకున్నా రాతిపొడి, అన్నం వడ్డించుకున్నా రాతిపొడి. అందుకని మీ ప్రాంతం మీదే రాయండి అని సార్ అన్నప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా ఆళ్ళగడ్డ శిల్పుల పని అని రాసిచ్చాను. సగం వ్యాసం ఇంట్లోనే దొరుకుతుందనుకున్నాను. సార్ ఆ కాగితం చూసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. ఆయనది గుంటూరు వైపు.

"మా ఇంట్లో అంటారు, మా ఊళ్ళో అంటారు అని రాస్తే కుదరదమ్మా. అనడానికేం, ఎవరైనా అంటారు. దానికి ఆధారం ఉండాలి."

ఇంకో చిక్కు కూడా ఉంది. అది సార్‌కు చెప్పలేదు. మా షెడ్డులో పని గుట్టు బయటివాళ్ళకు చెప్పరు. మా తాత నాటి నుంచీ ఉన్న కట్టు అది. బయటివాళ్ళంటే విగ్రహాలు కొనడానికి వచ్చేవాళ్ళు, పక్క షెడ్ల వాళ్ళు, ఇంకా ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు. ఆడపిల్ల ఎప్పటికైనా ఇంకో ఇంటికి పోయేదే కదా, ఆ ఇంట్లోనూ ఉలి పట్టేవాళ్ళుంటే గుట్టు వాళ్ళకు చేరుతుందని మా తాత భయం. మా పెదనాయన కొడుకులకు పన్నెండేళ్ళకే ఉలి ఇచ్చారు. నా చేతికి టీ గ్లాసుల పళ్ళెం ఇచ్చారు. ముఖ్యంగా కొత్త రాయి వచ్చినప్పుడు, లోపల కంటికి కనపడని పగులు ఉందో లేదో చూసే వేళకు మమ్మల్ని ఇంట్లోకి పొమ్మనేవాళ్ళు. ఆ పగులు ముందే కనిపెట్టకపోతే, ఆర్నెల్లు చెక్కిన విగ్రహం చివర్లో భుజం దగ్గర ఊడిపోతుంది. కాబట్టి మా పనిలో అన్నిటికంటే పెద్ద గుట్టు అదే. ఇన్నేళ్ళు ఆ షెడ్డు పక్కనే పెరిగి అదెలా చూస్తారో నాకు తెలియదు. అడిగితే మా నాయన ఒకటే మాట అనేవాడు.

"నీకెందుకు? పొయ్యి చదువుకో."

చదువుకోవడానికే అడుగుతున్నానని ఆయనకెలా చెప్పను?

అలా మా ఇంటి ముందర జరిగే పనిని తెలుసుకోవడానికి నలభై కిలోమీటర్లు పోయి, నంద్యాల నూనెపల్లెలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. ప్లైవుడ్ చెక్కలతో చేసిన చిన్న చిన్న గదులు. ఒక్కోదానిలో ఒక కంప్యూటరు, ఒక స్టూలు. సెంటర్ నడిపే అన్న గోడ గడియారం చూసి చీటీ మీద టైము వేసిచ్చేవాడు. ఒక పేజీ తెరుచుకునే లోపల ఒక నోట్సు పేజీ రాసుకోవచ్చు. మధ్యలో కరెంటు పోతే అన్ని గదుల్లోంచీ ఒకేసారి "అయ్యో" అని వినపడేది.

"కరెంటు పోయిన టైము నేను లెక్క ఏయనులేమ్మా, దిగులు పడద్దు" అనేవాడు అన్న. నా దిగులు దాని గురించి కాదని ఆయనకేం తెలుసు.

మొదటి వారం ఏమీ దొరకలేదు. రెండో వారం యాత్రికుల కోసం పెట్టిన ఒక వెబ్‌సైటులో, అహోబిలం వివరాల కింద, ఆళ్ళగడ్డ గురించి ఒక పేరా కనపడింది. ఇంగ్లీషులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటే చదివాను. ఆళ్ళగడ్డ శిల్పులు కొత్త రాతికి పసుపూ సున్నం ముద్దగా పట్టిస్తారట. రాయి లోపల పగులుంటే, సరిగ్గా ఆ చోట మాత్రం ఎర్రటి గీత తేలుతుందట. వందల ఏళ్ళుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న రహస్యమట.

నాకు ఒళ్ళు జలదరించింది. ఇదన్నమాట! మమ్మల్ని ఇంట్లోకి పంపి వీళ్ళు చేసేది ఇదన్నమాట! సంతోషంతో పాటు చెప్పొద్దూ, కాస్త ఏడుపు కూడా వచ్చింది. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషికి తెలిసింది, నాకు ఇప్పుడు తెలిసింది.

కాగితం తీసి నింపడం మొదలుపెట్టాను. ఎవరు రాశారు? పేజీ అంతా వెతికితే అడుగున "అడ్మిన్" అని ఉంది. అదొక మనిషి పేరేమో అనుకుని, పెద్దవాళ్ళయి ఉంటారని "అడ్మిన్ గారు" అని రాశాను. ఎప్పుడు? పేజీ చివర ఒక సంవత్సరం అంకె ఉంటే అదే వేశాను. దాని పక్కనే ఇంతమంది ఈ పేజీ చూశారని ఒక లెక్క తిరుగుతోంది. అంతమంది చూసిన పేజీలో తప్పుంటే ఎవరో ఒకరు చెప్పకపోతారా అనుకున్నాను. లాభం? యాత్రికులు వస్తారు. ఇంకెక్కడైనా ఉందా? ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.

మూడు రోజుల తర్వాత విగ్రహాలు అమ్మే ఒక వెబ్‌సైటులో అదే మాట దొరికింది. పసుపు, సున్నం, ఎర్రటి గీత. పోయిన ప్రాణం లేచొచ్చినట్లయింది. రెండు కాగితాల్లోనూ నాలుగో గడి నింపాను. దీనికి అది సాక్ష్యం, దానికి ఇది సాక్ష్యం. ఐదో గడిలో రెండింటికీ "సరిచూశాను" అని ఒక్క ముక్క రాశాను. ఎలా అన్నది రాయలేదు. అందరూ అంతే రాస్తున్నారని నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఆ రాత కంటపడినప్పుడల్లా ఫైలు గబుక్కున మూసేసేదాన్ని.

చిత్తుప్రతి చూపించాల్సిన శనివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. భయంకొద్దీ ఇంకో సాక్ష్యం ఉంటే మంచిదని మళ్ళీ నూనెపల్లె పోయాను. ఈసారి పురాతన కళల గురించి ఎవరో పెట్టుకున్న వెబ్‌సైటు. అందులోనూ అదే మాట. పైగా అక్కడ ఒక ఫోటో కూడా ఉంది. ఫోటో అంటే వెంటనే రాదు. పైనుంచి కిందికి, వేలెడు వేలెడు చొప్పున దిగుతుంది.

ముందు రేకుల కప్పు దిగింది. అలాంటి రేకుల షెడ్లు మా వైపు చాలా ఉన్నాయి కాబట్టి ఏమీ అనిపించలేదు. తర్వాత ఒక గుంజ, దానికి ఒక మేకు, మేకుకు తువ్వాలు. తర్వాత నల్లరాయి, దానికి పట్టించిన పచ్చటి ముద్ద, ముద్ద మధ్యలో ఎర్రటి గీత. గీత పక్కన ఒక చెయ్యి. బొటనవేలికి గోరు లేదు. మా నాయన బొటనవేలికీ గోరు లేదు. చివర్లో, రాతి పక్కన నేల మీద, మూత తీసిన స్టీలు డబ్బా దిగింది. దాని మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు మసకగా ఉన్నాయి. కానీ చదవాల్సిన పని నాకు లేదు. అది మా అమ్మ పెళ్ళికి ఆమె పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి ఇచ్చిన డబ్బా. మా ఇంటి పసుపు డబ్బా.

వెనక్కి పోయి మొదటి రెండు వెబ్‌సైట్లూ మళ్ళీ తెరిచాను. ఇప్పుడు చూస్తే మూడింటిలోనూ వాక్యాలు ఒకటే. ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నారు. మూడు సాక్ష్యాలని నేను మురిసిపోయినవి మూడు కావు. ఒక్క మనిషి ఒక్క రోజు వచ్చి, మా నాయన దగ్గర విని పోయిన ఒక్క మాట.

అయినా మాట నిజమే కదా, సాక్షాత్తూ మా నాయనే చేసి చూపించాడు కదా అని బస్సులో నాకు నేను నచ్చజెప్పుకుంటూ ఇల్లు చేరాను. మా అమ్మ చెరుగుతున్న చేటను పక్కన పెట్టి, నేను చెప్పిందంతా విని పకపకా నవ్వింది.

"ఆయప్పనా? కెమెరా ఏసుకోనొచ్చినాయప్ప? నాకు బాగా గ్యాపకం. వారం దినాలకొచ్చే పసుపంతా మీ నాయన ఆ రాయికి మెత్తినాడు."

"అయితే నిజమేనామ్మా? పగులుంటే ఎర్రగా వస్తాదా?"

మా అమ్మ నవ్వడం ఆపి నా ముఖం వైపు వింతగా చూసింది.

"పసుపులో సున్నం పడితే ఎర్రగా గాక ఇంకెట్ల వస్తాదే? దిష్టినీళ్ళు ఎన్నితూర్లు కలిపింటావ్ నువ్వు?"

తల తీసేసినట్లయింది. హారతి పళ్ళెంలో పసుపు నీళ్ళకు చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడుతుందని మా ఇళ్ళల్లో ఐదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. నేనే కలిపాను, నా చేత్తో, ఎన్నో సార్లు. మా నాయన పసుపు అంతటా పూసి, సున్నం వేలితో ఒక గీత గీశాడు. అంతే. తెర మీద ఇంగ్లీషులో కనపడేసరికి నా చేతులకు తెలిసిన సంగతి నా బుర్రకు తట్టలేదు. సున్నా రావాల్సింది ఆ సీనియర్‌కు కాదు, నాకు.

ఆ భయంలోనే షెడ్డులోకి పోయాను. మా నాయన ఒక అమ్మవారి కిరీటానికి నగిషీ చెక్కుతున్నాడు.

"నాయనా, ఆ కెమెరా ఆయప్పకు ఎందుకు అబద్ధం చెప్పినావ్?"

ఉలి ఆగలేదు. "ఎవరికి?"

"పసుపు సున్నం ఆయప్పకు."

"ఓ, ఆయప్పకా? ఇడ్సకుండా అడిగినాడు. చెప్పకపోతే పోయేటట్ల ల్యా. ఏందో ఒగటి చెప్పినా. సంతోషంగా పోయినాడు."

"ఆయప్ప దాన్ని లోకమంతా చదివేటట్ల పెట్టినాడు. నేను దాన్నే రాసినా. మా సార్ సున్నా ఏస్తాడు. డిగ్రీ పోతాది నాయనా!"

చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అప్పుడు ఉలి ఆగింది. ఆయనకు ఇంటర్నెట్ అంటే తెలియదు కానీ సున్నా అంటే తెలుసు. చేతిలో సుత్తి కింద పెట్టాడు. తర్వాత లేచి, వాకిట్లో ఎవరైనా ఉన్నారేమోనని చూసి, నన్ను కొత్త రాళ్ళ దగ్గరికి పిలిచాడు.

"ఈడ కూచో. చెప్తా. కాగితం మీద మాత్రం పెట్టొద్దు. మీ సార్‌కు గూడా చెప్పొద్దు."

ఆయన చెప్పిన పద్ధతి చిన్నదే. పొద్దున ఏ వేళకు చెయ్యాలి, దేంతో చెయ్యాలి, ఏం చూడాలి, అంతే. మాటిచ్చాను కాబట్టి అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. నా ఇరవయ్యో ఏట, మా ఇంటి పని నాకు మొదటిసారి చెప్పారు.

శనివారం మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ గదిలో సార్ ఎదుట నిలబడి జరిగిందంతా చెప్పేశాను. చెప్పేటప్పుడు ఫైలు గుండెలకు అదుముకున్నాను. పసుపు డబ్బా సంగతి వచ్చేసరికి ఆయన నవ్వు ఆపుకోవడం కనపడింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఆ మూడు వెబ్‌సైట్లూ తప్పు సార్. అసలు పద్ధతి వేరే ఉంది. మా నాయన నాకు చెప్పినాడు. కానీ రాయొద్దన్నాడు."

"రాయొద్దులే. ఆయన పని, ఆయన ఇష్టం. నా ప్రశ్న అది కాదు." ఆయన నా ఫైలు తీసుకుని, ఖాళీగా ఉన్న నాలుగో కాగితం నా వైపు తిప్పి ఐదో గడి మీద వేలు పెట్టారు. "వచ్చిన వాళ్ళకు అబద్ధం చెప్పి పంపే మనిషి, నీకు నిజమే చెప్పాడని నీకెలా తెలుసు?"

"మా నాయన సార్!"

"నాయనే. ఆ ఫోటో తీసుకున్నాయన కూడా ఆయన ఎదురుగా కూర్చుని, కళ్ళతో చూసే నమ్మాడు కదమ్మా. సోమవారం ఇవ్వు. ఈ గడి నింపి ఇవ్వు."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా, మార్కుల జాబితా చదివినట్లు అన్నారు. నేను బస్టాండుకు నడిచి, ఆళ్ళగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ ఆ మాట పూర్తిగా లోపలికి దిగలేదు.

మా నాయన బయటివాళ్ళకు నిజం చెప్పడు. ఆడపిల్ల బయటి మనిషి. ఇది మా తాత పెట్టిన కట్టు. మా నాయన తన తండ్రి మాట ఏనాడూ దాటలేదు. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి ఏందో ఒకటి చెప్పి పంపి ఉండవచ్చు. కెమెరా ఆయన ఇడ్సకుండా అడిగాడు, నేనూ ఇడ్సకుండా ఏడ్చాను. ఆయన సంతోషంగా పోయాడు, నేనూ సంతోషంగా పోయాను. శిరివెళ్ళ దాటేసరికి నాకు మార్కుల సంగతే గుర్తు లేదు. సున్నా వస్తే ఏమవుతుందన్న భయం పోయి, అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. మా నాయన నన్ను ఏ జాబితాలో పెట్టాడు? దీన్ని ఆయన్నే అడగలేను. అడిగితే "నిజమే" అంటాడు. అబద్ధం చెప్పినా అదే అంటాడు.

ఆదివారం అందరికంటే ముందు లేచాను. షెడ్డు ముందు వారం కిందట దించిన రాళ్ళు నాలుగున్నాయి. వాటిని ఇంకా ఎవరూ చూడలేదు. మా నాయన చెప్పింది చెప్పినట్లు, చెప్పిన వేళకు నాలుగింటికీ చేసి, మోకాళ్ళ మీద కూర్చుని కాచుకున్నాను. మొదటి రాయి మీద ఏమీ లేదు. రెండో దాని మీదా లేదు. మూడో రాయి కూడా శుభ్రంగా ఉంది. అయిపోయింది, ఏందో ఒకటి చెప్పాడు అనుకున్నాను. ఏడవడానికి కూడా చేతకాలేదు. లేవబోతూ నాలుగో దాని వైపు చూస్తే, పై మూల నుంచి అడుగుదాకా వంకరగా, వెంట్రుకంత సన్నగా ఒక జాడ.

అది పగులో కాదో నాకేం తెలుసు? ఎప్పుడైనా చూస్తే కదా! రాతి చారేమో. నా కళ్ళేమో. నేను కావాలనుకున్నాను కాబట్టి కనపడుతోందేమో. వేలితో తాకి చూస్తే అంతా నున్నగానే ఉంది.

"ఏం చేస్తాండావ్ ఈడ?"

మా నాయన నోట్లో వేపపుల్లతో వెనక నిలబడి ఉన్నాడు. ఇంకో మాట ఏదైనా చెప్పవచ్చు. నాకు తోచలేదు.

"నువ్వు చెప్పింది నిజమో కాదో చూస్తాండా నాయనా."

ఆయన ముఖం చూడలేక తల దించుకున్నాను. పుల్ల ఉమ్మేసిన చప్పుడు వినపడింది. ఇక చెయ్యి ఎత్తుతాడనే అనుకున్నాను, ఆయన నన్ను ఎన్నడూ కొట్టకపోయినా సరే. ఆయన నన్ను దాటి పోయి, నాలుగో రాయి ముందు వంగి, నేను చూసిన జాడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. షెడ్డులోకి పోయి పెద్ద సుత్తి, ఉలి తెచ్చాడు.

"జరుగు."

"వద్దు నాయనా, మంచి రాయేమో! పాడైపోతాది!"

ఆయన వినలేదు. జాడ మొదలైన మూలన ఉలి ఆనించి ఒక దెబ్బ వేశాడు. ఏమీ కాలేదు. రెండో దెబ్బకు లోపల ఎక్కడో పొడిగా టక్కుమంది. మూడో దెబ్బకు రాయి రెండుగా విడిపోయింది. పై మూల నుంచి అడుగుదాకా, వంకరగా, నేను చూసిన జాడ వెంబడే.

ఆయన సుత్తి కింద పెట్టి నుదురు తుడుచుకున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"అబద్ధం చెప్పాలనుకుంటే నీకూ పసుపే చెప్పింటి గదా."

నేను ఆ విరిగిన రాతి పక్కన అలాగే కూర్చుని, ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మా అమ్మ గాభరాగా బయటికొచ్చి, రాయి పోయిందని ఏడుస్తున్నాననుకుని నన్ను ఓదార్చింది.

సోమవారం కాగితాలు ఇచ్చాను. మూడు వెబ్‌సైట్ల కాగితాల్లోనూ నాలుగో గడిలో "మూడు చోట్ల ఉంది, చెప్పిన నోరు ఒక్కటే" అని రాశాను. మొదటి రెండింటి ఐదో గడిలో "సరిచూశాను" కొట్టేసి, మూడింటిలోనూ "సరిచూడకుండా నమ్మాను" అని రాశాను. నాలుగో కాగితంలో, ఎవరు అన్న గడిలో "మా నాయన" అని, ఐదో గడిలో "రాయి పగలగొట్టి చూశాం. పద్ధతి రాయడానికి ఆయన ఒప్పుకోలేదు" అని రాశాను. సార్ చదివి, ఆ కాగితాన్ని మిగతా వాటి పైన పెట్టి టాగు కట్టారు. పాసయ్యాను. ఎన్ని మార్కులో నాకిప్పుడు గుర్తు లేదు.

ఆ వేసవిలోనే ఇంకొకాయన మా షెడ్డుకు వచ్చాడు. ఈయన దగ్గర కెమెరాతో పాటు చిన్న నోటుపుస్తకం కూడా ఉంది. అన్నీ అడిగి, చివరికి రాయి మంచిదో చెడ్డదో ఎలా తెలుస్తుందని అడిగాడు. మా నాయన ఉలి ఆపి, కాసేపు ఆలోచించినట్లు ముఖం పెట్టి, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూశాడు.

"పాపా, పసుపు డబ్బా తీస్కరా బిర్నా."

ఎక్కడో ఏ ఊళ్ళోనో నాలాంటి పిల్ల ఒకతె ఐదు గడుల ముందు కూర్చుని, ఈయన రాయబోయేది నాలుగో సాక్ష్యం అనుకుని సంబరపడుతుందని నాకు తెలుసు. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ మనసు పీకుతుంది. ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడిపోయాను. తర్వాత వంటింట్లోకి పోయి డబ్బా తెచ్చాను. సున్నం కూడా తెచ్చాను, ఆయన అడక్కముందే.